విప్లవం గెలవాలంటే జనంలో సగానికి పైగా వెనక ఉండాలా?

#1 ద్వారకానగర్_శ్రీను

అందరికీ నమస్కారం. మా పోటీ పరీక్షల బ్యాచ్‌లో ఒక వాదన కొన్నాళ్లుగా తెగడం లేదు. పౌర గ్రంథాలయంలో మొదలై టీ కొట్టు దాకా వచ్చింది, ఇంకా నడుస్తూనే ఉంది. ఇక్కడ చదివినవాళ్లు, చూసినవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

2022లో శ్రీలంక, 2024లో బంగ్లాదేశ్, 2025 సెప్టెంబరులో నేపాల్. మన పొరుగునే మూడు ప్రభుత్వాలు వీధిలోకి వచ్చిన జనం ముందు నిలవలేకపోయాయి. మా ఫ్రెండ్ ఒకడు అంటాడు, "నూటికి మూడున్నర మంది రోడ్డెక్కితే చాలు, ఏ ప్రభుత్వమైనా పడిపోతుంది, మెజారిటీ ఎవడికి కావాలి" అని. నాకిది మింగుడుపడటం లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జనంలో సగానికి పైగా కోరుకోనిదాన్ని కొద్దిమంది బలవంతంగా తెస్తే దాన్ని ఆక్రమణ అనాలి, విప్లవం అనకూడదు. అది నిలబడాలంటే రోజూ తుపాకీ చూపిస్తూ ఉండాల్సిందే. నిజంగా గెలిచిన ప్రతి విప్లవం వెనకా మెజారిటీ ఉండే ఉంటుంది. కాదనేవాళ్లు ఉదాహరణలతో చెప్పండి. దయచేసి తిట్టుకోవద్దు.

#2 ఎంవీపీ_లక్ష్మి

శ్రీనూ, ముందు ఆ మూడున్నర శాతం సంగతి తేల్చుకుందాం. వాట్సాప్‌లో దాన్ని తిప్పుతున్న తీరు చూస్తే బాధేస్తుంది. నేను పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను, అందుకే ఊరుకోలేకపోతున్నాను.

ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1900 నుంచి 2006 వరకు జరిగిన 323 పోరాటాలను లెక్కలోకి తీసుకున్నారు. అన్నీ పాలకుణ్ణి దించడానికో, పరాయి పాలన వదిలించుకోవడానికో జరిగినవే. ఆయుధం పట్టనివాటిలో 53 శాతం, పట్టినవాటిలో 26 శాతం గెలిచాయి. అదే సమాచారం నుంచి చెనోవెత్ తర్వాత ఇంకో సంగతి గమనించారు. పోరాటం ఉధృతంగా ఉన్న దశలో జనాభాలో 3.5 శాతం స్వయంగా పాల్గొన్నది ఏదీ ఓడిపోలేదని. జరిగినవాటిని చూసి చెప్పిన మాట అది. రేపు కూడా అలాగే జరిగి తీరుతుందన్న హామీ అందులో లేదు. మినహాయింపులు కూడా ఆమే తర్వాత చూపించారు: 1962లో బ్రూనై, 2011లో మొదలైన బహ్రెయిన్ ఉద్యమం.

ఇంకోటి. ఆ 3.5 శాతం లెక్కించేది వీధిలోకి వచ్చిన మనుషుల్ని. ఇంట్లో కూర్చుని సమర్థించేవాళ్లు అందులో లేరు. మన విశాఖకు వేసి చూడండి. 2011 జనగణనలో నగరపాలక సంస్థ (జీవీఎంసీ) జనాభా 17.28 లక్షలు, అందులో 3.5 శాతం అంటే 60 వేలు. ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి, లాఠీ దెబ్బ తగలొచ్చని, కేసు పడితే ఉద్యోగం రాదని తెలిసి కూడా 60 వేలమంది వచ్చి నిలబడ్డారనుకోండి. వెళ్లొద్దని ఆపని తల్లి, ఆ పూట గైర్హాజరు వెయ్యని మేస్త్రీ, డబ్బు తీసుకోకుండా దింపిన ఆటో అబ్బాయి, ఇలా ఒక్కొక్కరి వెనకా ఎంతమంది ఉంటారు? అంటే ఆ చిన్న అంకె దాని వెనకున్న పెద్ద మద్దతుకు గుర్తు. మద్దతు లేకపోయినా పర్వాలేదని చెప్పడానికి దాన్ని వాడితే తప్పే.

దేశం మొత్తానికి లెక్క వేస్తే దాదాపు 5 కోట్లమంది. అది చిన్న సంఖ్య అని మీ ఫ్రెండ్ అంటే ఆయన ఇష్టం.

#3 వాల్తేరు_మాస్టారు

లక్ష్మిగారు చక్కగా చెప్పారు. నేను శ్రీను అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. దీనికి రష్యాను వదిలేసి జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే అక్కడ మనకు ఓట్ల లెక్కే ఉంది.

లెనిన్ పార్టీ అయిన బోల్షెవిక్కులు అధికారం తీసుకున్నది 1917 అక్టోబరు 25న, మనం ఇప్పుడు వాడే క్యాలెండర్ ప్రకారం నవంబరు 7న. కొద్ది రోజులకే రాజ్యాంగ సభకు దేశమంతటా ఎన్నికలు జరిగాయి. బోల్షెవిక్కులకు వచ్చింది నూటికి 24 చుట్టూ. రైతుల పార్టీ అయిన సోషలిస్టు రివల్యూషనరీలకు 40కి దగ్గరగా. అంటే అధికారంలో కూర్చున్న పార్టీకి దేశంలో నాలుగో వంతు ఓటు మాత్రమే ఉంది. 1918 జనవరిలో ఆ సభ ఒక్కసారి కూర్చుంది, అంతటితో దాన్ని రద్దు చేశారు. పెద్ద ప్రతిఘటన రాలేదు.

ఎందుకు రాలేదు? ఆ 24 శాతం ఎక్కడుందో చూడాలి. అప్పటి రాజధాని పెట్రోగ్రాడ్‌లో వాళ్లే మొదటి స్థానం, మాస్కోలో వాళ్లే. రాజధానికి దగ్గర్లో ఉన్న పశ్చిమ రంగం సైనికుల్లో మూడింట రెండొంతులు వాళ్లకే ఓటేశారు. ప్రభుత్వ భవనాలు, రైల్వే జంక్షన్లు, టెలిగ్రాఫ్ ఆఫీసు, ఆయుధాగారం ఎక్కడున్నాయో అక్కడ వాళ్లకు బలం ఉంది. వోల్గా అవతల పల్లెల్లో ఉన్న ఓటు రాజధానిలో ఏ తలుపునూ కాపాడలేదు.

అయితే కథను అక్కడ ఆపేసేవాళ్లంటే నాకు కోపం. అధికారం వచ్చిన మర్నాడే వాళ్లు రెండు శాసనాలు చేశారు: యుద్ధం ఆపాలని ఒకటి, జమీందార్ల భూమి రైతులకని ఇంకొకటి. ఓటు వాళ్లకు వెయ్యని రైతు కూడా ఆ భూమి తీసుకున్నాడు. తర్వాత అంతర్యుద్ధంలో ఆ రైతు ధాన్యం లాక్కున్న బోల్షెవిక్కుల ఎర్ర సైన్యాన్ని తిట్టుకున్నాడు, కానీ వాళ్ల మీద పోరాడే తెల్ల సైన్యం గెలిస్తే జమీందారు తిరిగొస్తాడని ఇంకా భయపడ్డాడు. మనసారా మద్దతు ఇవ్వకపోయినా, ఎదుటివాడికి అంతకంటే తక్కువ ఇచ్చాడు. ఆ తేడా మీదే బోల్షెవిక్కులు బతికారు.

జమీందారు వస్తాడన్న భయం తీరిపోగానే ఏమైంది? తంబోవ్‌లో రైతులు తిరగబడ్డారు. 1921 మార్చిలో పెట్రోగ్రాడ్ దగ్గరి క్రోన్‌స్టాట్ నౌకా స్థావరం, 1917లో వీళ్లకు కొమ్ముకాసిన స్థావరమే, తిరగబడింది. దాన్ని రక్తంతో అణచివేశారు, ఆ నెలలోనే ధాన్యం లాక్కోవడం ఆపి పన్ను పద్ధతి తెచ్చారు. శ్రీనూ, నువ్వన్న మెజారిటీ అక్టోబరులో అడగని ప్రశ్నను మూడున్నరేళ్ల తర్వాత వచ్చి అడిగింది.

#4 ద్వారకానగర్_శ్రీను

మాస్టారూ, చాలా థాంక్స్. అయితే ఒక సందేహం. మీరు చెప్పినదాన్ని బట్టి లెక్కలోకి వచ్చేది జనంలో మెజారిటీ కాదు, సైన్యంలో మెజారిటీ. మరి మయన్మార్ సంగతి? 2020 నవంబరు ఎన్నికల్లో సూకీ పార్టీ 476 సీట్లకు 396 గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. జనం లక్షల్లో వీధిలోకి వచ్చారు, ఆఫీసులు, ఆస్పత్రులు, బ్యాంకులు స్తంభించాయి. అయినా సైన్యం దిగలేదు. మెజారిటీ ఉన్నా చాలదంటే మరి ఏది చాలుతుంది?

#5 సింధియా_నేవీ

ఇది నేను చెప్పాల్సిన విషయం. జీవితంలో ఎక్కువ భాగం యూనిఫాంలో గడిపాను, డాక్‌యార్డ్ గేటు పక్కనే ఇప్పటికీ ఉంటాను.

సైనికుడు కాల్చాలా వద్దా అని ఓటు వెయ్యడు. ఆజ్ఞ వస్తే పాటించడమే నేర్పుతారు, అది అలవాటైపోతుంది. అది తప్పడానికి చాలా ఒత్తిడి కావాలి. పెట్రోగ్రాడ్‌లో 1917 ఫిబ్రవరి పాత క్యాలెండర్ ప్రకారం 26న ఏం జరిగిందో చదవండి. వోలిన్‌స్కీ రెజిమెంటు శిక్షణ దళాన్ని జ్నామెన్‌స్కయా కూడలికి పంపారు. రొట్టె కోసం మొదలైన గుంపు మీద వాళ్లు నిజంగానే కాల్చారు, పదుల సంఖ్యలో చనిపోయారు. ఆ రాత్రి బ్యారక్‌లో కిర్పిచ్నికోవ్ అనే సార్జెంటు మిగతావాళ్లతో మాట్లాడాడు. రేపు మళ్లీ పంపుతారు, మనం వెళ్లొద్దు అన్నాడు. పొద్దున కెప్టెన్ లష్కేవిచ్ వచ్చాడు, వాళ్లు కదలబోమన్నారు, అతను వెనుదిరిగి వెళ్తుంటే కాల్చి చంపారు. ఇక వెనక్కి వెళ్లే దారి లేదు. దొరికితే ఉరే. అందుకని పక్క బ్యారక్‌లకు పరిగెత్తారు, వాళ్లను కూడా కలుపుకోకపోతే చస్తామని. సాయంత్రానికి రాజధానిలో జార్ మాట వినే సైన్యం దాదాపు మిగల్లేదు. మూడు రోజులకు జార్ దిగిపోయాడు.

అక్కడున్నవాళ్లు ఎక్కువమంది యుద్ధానికని కొత్తగా తీసుకున్న కుర్రాళ్లు. రొట్టె కోసం క్యూల్లో నిలబడ్డ ఆడవాళ్లు వాళ్ల అక్కచెల్లెళ్ల లాంటివాళ్లే. మయన్మార్ సైన్యం అలా లేదు. వాళ్ల కుటుంబాలు కంటోన్మెంట్లలోనే ఉంటాయి, సైన్యానికి సొంత కంపెనీలున్నాయి. బయట ఏం జరిగినా వాళ్ల అన్నం వాళ్లకొస్తుంది. జనంతో పేగు సంబంధం తెగిన సైన్యం ముందు మెజారిటీకి కూడా కష్టమే.

బంగ్లాదేశ్‌లో రెండూ కనిపించాయి. 1,400 మంది వరకు చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం చెప్పింది, పోలీసులు అంత ఘోరంగా కాల్చారు. ఆఖరికి సైన్యం జనం మీద కాల్చడానికి ముందుకు రాలేదు. 2024 ఆగస్టు 5న హసీనా హెలికాప్టర్ ఎక్కారు.

#6 ఎర్రజెండా_కాదు_పచ్చినిజం

ఇంత చర్చ దేనికి? జనం ఎప్పుడూ గొర్రెలే. పదిమంది తెలివైనవాళ్లు నడిపిస్తారు, మిగతావాళ్లు వెనక నడుస్తారు. క్యూబాలో గ్రాన్మా పడవలో దిగింది కాస్ట్రోతో కలిపి 82 మంది. దేశం గెలిచారు. అయిపోయింది.

#7 మోడరేటర్

జనాన్ని జంతువులతో పోల్చే భాష ఇక్కడ వద్దు. విషయం మీద మాట్లాడండి. పోస్ట్‌లో క్యూబా ప్రస్తావన ఉంది కాబట్టి ఉంచుతున్నాను.

#8 ఎంవీపీ_లక్ష్మి

క్యూబా గురించి మిగతా సగం కూడా చెప్పుకోవాలి కదండీ. 1956 డిసెంబరులో దిగిన ఆ 82 మందిలో మొదటి దెబ్బకే చాలామంది చనిపోయారు లేదా పట్టుబడ్డారు, ఇరవై మంది చుట్టూ మిగిలారు. వాళ్లను సియెర్రా మాయెస్ట్రా కొండల్లో దాచింది, తిండి పెట్టింది అక్కడి రైతులు. పట్టణాల్లో డబ్బు, మందులు, ఆయుధాలు సేకరించింది వేరే బృందాలు. 1958 ఏప్రిల్‌లో సార్వత్రిక సమ్మెకు పిలుపిస్తే అది విఫలమైంది, అంటే అప్పటికి పట్టణ జనం పూర్తిగా కదల్లేదు. ఆ వేసవిలో నియంత బటిస్టా సైన్యం కొండల్లోకి పెద్ద దాడి చేసి ఓడింది. అక్కడి నుంచి సైనికులకు పోరాడే మనసు లేకుండా పోయింది. 1959 జనవరి 1న బటిస్టా పారిపోయాడు. ఎనభై మంది దేశాన్ని గెలవలేదు. దేశంలో ఎవ్వరూ కాపాడదలచుకోని ప్రభుత్వం కూలింది.

#9 గాజువాక_రమణమూర్తి

నేను ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైనవాణ్ణి. రష్యా, క్యూబా సరే, మన ఊరి సంగతి మాట్లాడతాను. విప్లవమంటే ప్రభుత్వాన్ని కూలదొయ్యడమే అనుకుంటే ఇది వేరే విషయం అనిపించొచ్చు. కానీ జనం మద్దతు ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు చెయ్యదు అన్నదే కదా ప్రశ్న.

1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని రాష్ట్రమంతా లేచింది. అమృతరావు గారు నిరాహార దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న ఇక్కడ కాల్పులు జరిగాయి. రాష్ట్రమంతా కలిపి 32 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు విద్యార్థి, వకీలు, రైతు, అన్ని పార్టీలవాళ్లు ఒక్కటయ్యారు, శాసనసభ్యులు రాజీనామాలు చేశారు. అంత మద్దతున్నా ఇందిరాగాంధీ ఫ్యాక్టరీ ప్రకటించింది 1970 ఏప్రిల్‌లో. శంకుస్థాపన 1971 జనవరిలో.

ఇప్పుడు చూడండి. 2021 జనవరి 27న నూరు శాతం వాటా అమ్మాలని కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో శిబిరం వేసి కార్మికులు ఏళ్ల తరబడి కూర్చున్నారు. ఈ ఊళ్లో ఎవరిని అడిగినా అమ్మొద్దనే అంటారు. రాష్ట్రంలో ఏ పార్టీ కూడా అమ్మెయ్యండి అనదు. అంటే మెజారిటీ నూటికి తొంభై. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, ఉద్యమం లేకపోతే అది కూడా వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. కానీ అమ్మకం నిర్ణయం రద్దు చేశామన్న కాగితం కోసమే కదా అంతమంది అక్కడ కూర్చున్నది.

తేడా ఎక్కడుంది? 1966లో హైదరాబాదులో ప్రభుత్వం నడవాలంటే ఆ జనమే కావాలి, ఢిల్లీకి ఈ రాష్ట్రం నుంచి వచ్చే సీట్లు కావాలి. నిర్ణయించేవాడు మన మీద ఎంత ఆధారపడి ఉన్నాడన్నదే అసలు సంగతి. మనం ఎంతమందిమి అన్నది తర్వాత.

ఇరాన్‌లో కూడా అదే చూశాం. 1978లో అక్కడి రాజు షా మీద ఊరేగింపులు నెలల తరబడి జరిగాయి. నూనె బావుల కార్మికులు పని ఆపాక గానీ ఆయన ఖజానా ఎండలేదు. జనాభాలో వాళ్లెంత? చాలా కొద్దిమంది. కానీ వాల్వు వాళ్ల చేతిలో ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాడికి ఇది వేరే చెప్పక్కర్లేదు. ఫర్నేసు చల్లారితే మళ్లీ వెలిగించడం ఎంత ఖర్చో, ఎన్నాళ్లు పడుతుందో మాకు తెలుసు.

#10 ద్వారకానగర్_శ్రీను

రమణమూర్తి గారూ, ఇరాన్ మీరే తెచ్చారు కాబట్టి అడుగుతాను. అక్కడ 1979 ఫిబ్రవరి 11న సైన్యం తటస్థంగా ఉంటామని ప్రకటించింది. మార్చి చివర్లో ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా అని రెఫరెండం పెడితే అధికారికంగా నూటికి 98 మంది అవునన్నారు. ఇది నా వాదనకే బలం కదా?

#11 వాల్తేరు_మాస్టారు

ఆ 98 శాతాన్ని జాగ్రత్తగా వాడాలి నాయనా. బ్యాలెట్ మీద ఉన్నది ఒకే ప్రశ్న: ఇస్లామిక్ రిపబ్లిక్ కావాలా వద్దా. ఆ రిపబ్లిక్ ఎలా ఉంటుందో, దాని రాజ్యాంగం ఏమిటో అప్పటికి ఎవరికీ చూపించలేదు. రాజ్యాంగం మీద ఓటు ఆ ఏడాది డిసెంబరులో జరిగింది. షా పోవాలన్నదానికి మెజారిటీ ఉంది, అందులో అనుమానం లేదు. నూనె కార్మికుడు, బజారు వ్యాపారి, యూనివర్సిటీ అమ్మాయి, ముల్లా, కమ్యూనిస్టు అందరూ ఆ ఒక్కమాట మీద కలిశారు. ఆ తర్వాత ఏం రావాలన్నదాని మీద వాళ్లకు ఏకాభిప్రాయం ఎప్పుడూ లేదు. మార్చి 8న, అంటే రెఫరెండానికి ముందే, తప్పనిసరి హిజాబ్‌కు వ్యతిరేకంగా టెహరాన్‌లో ఆడవాళ్లు ఊరేగారు.

వద్దు అనడానికి కూడేవాళ్లు వేరు, కావాలి అనడానికి కూడేవాళ్లు వేరు. మొదటిది మెజారిటీ అయినంత మాత్రాన రెండోది అవ్వదు.

ఇదే సందర్భంలో బ్రిటిష్ రాజు మీద అమెరికా చేసిన స్వాతంత్ర్య యుద్ధం గురించి ఒకటి. "మూడో వంతు స్వాతంత్ర్యం వైపు, మూడో వంతు రాజు వైపు, మూడో వంతు గోడ మీద" అని జాన్ ఆడమ్స్ చెప్పినట్టు పోటీ పరీక్షల మెటీరియల్‌లో కూడా కనిపిస్తుంది. 1815లో ఆయన రాసిన ఆ ఉత్తరంలోని మూడో వంతు మాట ఫ్రెంచి విప్లవం పట్ల అమెరికన్ల అభిప్రాయం గురించి అని చరిత్రకారులు తేల్చారు. రాజు పక్షాన ఉన్నవాళ్లు తెల్లవాళ్లలో 15 నుంచి 20 శాతం ఉంటారని ఇప్పటి అంచనా. స్వాతంత్ర్యం వైపు చురుగ్గా ఉన్నవాళ్లు 40-45 శాతం. అంటే సగం కూడా కాదు, కానీ ఎదుటిపక్షానికి రెట్టింపు. అది కూడా 1781లో యార్క్‌టౌన్ దగ్గర ఫ్రెంచి నౌకలు సముద్ర మార్గం మూసెయ్యకపోతే ఎలా ముగిసేదో చెప్పలేం.

#12 నల్గొండ_టు_వైజాగ్

ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డాను, ఊరు మాత్రం నల్గొండ. తెలంగాణ సాయుధ పోరాటంల మా తాత సంఘంలో పనిచేసినోడు. గుత్పల సంఘం అనేవాళ్లు ఊళ్లల్లో.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపినాక పోరాటం ఊరూరా అంటుకుంది. వెట్టి పోయింది, దొరల భూములు పంచిన్రు. సుమారు మూడు వేల ఊళ్లల్లో సంఘం మాటే నడిచిందని చెప్తరు. ఆ ఊళ్లల్లో మెజారిటీ ఉందా అంటే నూటికి నూరు ఉంది. కూలోడు, చిన్న రైతు, ఆఖరికి పెద్ద రైతు కూడా నిజాం మీద, రజాకార్ల మీద ఒక్కటైన్రు.

1948 సెప్టెంబరు 13న భారత యూనియన్ సైన్యం వచ్చింది, 17కల్లా నిజాం లొంగిపోయిండు. ఆ తెల్లారి నుంచే లెక్క మారింది. నిజాం పోయిండు, రజాకార్ల భయం పోయింది, ఇగ కొట్లాట ఎందుకని పెద్ద రైతులు, మధ్య రైతులు పక్కకు జరిగిన్రు. నెహ్రూ సైన్యం అంటే చాలామందికి శత్రువు అనిపించలేదు. భూమి పోతదని భయమున్న పేదోళ్లు, ఆదివాసులు మిగిలిన్రు. పోరాటం నల్లమల, గోదావరి అడవుల్లోకి పోయింది. 1951 అక్టోబరులో విరమించిన్రు.

అయితే 1952 ఎన్నికల్లో మా నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిండు. అంటే జనం ప్రేమ పోలేదు. తుపాకీ పట్టుకొని కొట్లాడనీకి ఒప్పుకోలేదు, అంతే. శ్రీను తమ్మీ, ఒకే మనిషి ఓటు ఇస్తడు, అన్నం పెడ్తడు, కానీ కొడుకును పంపడు. ఏ మద్దతు ఎంతవరకని అడగకుండా మెజారిటీ ఉందా లేదా అంటే జవాబు రాదు.

#13 ఎంవీపీ_లక్ష్మి

పై పోస్ట్ రెండుసార్లు చదివాను. చాలా విలువైన మాట.

దానికి ఇంకోటి కలుపుతాను. ఆ మద్దతు ఎంతుందో ముందుగా ఎవరికీ తెలియదు. తిమూర్ కురాన్ అనే ఆర్థికవేత్త దీని మీద చాలా పనిచేశారు. భయం ఉన్నచోట మనిషి మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి చెబుతాడు. అందరూ అలాగే చేస్తారు కాబట్టి, నేనొక్కణ్ణే ఇలా అనుకుంటున్నానని ప్రతివాడూ నమ్ముతాడు. ఎవరో కొందరు ధైర్యం చేసి బయటపడితే పక్కవాడికి ధైర్యం వస్తుంది, వాణ్ణి చూసి ఇంకొకడికి.

తూర్పు జర్మనీలో 1989 అక్టోబరు 9, సోమవారం. లైప్‌జిగ్ ఆస్పత్రుల్లో అదనంగా రక్తం సిద్ధం చేయించారు. నాలుగు నెలల క్రితమే చైనాలో, తియానన్మెన్‌లో ఏం జరిగిందో అందరూ చూశారు. అయినా ఆ సాయంత్రం 70 వేలమంది చర్చిల నుంచి బయటికొచ్చి ఊరి చుట్టూ ఉన్న రింగు రోడ్డు మీద నడిచారు. కాల్చమన్న ఆజ్ఞ రాలేదు. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. దేశ జనాభా 1.6 కోట్లు. ఆ రాత్రి నడిచినవాళ్లు అర శాతం కూడా కాదు.

నన్ను ఎక్కువ కదిలించేది తర్వాత జరిగింది. 1990 మార్చిలో మొదటి స్వేచ్ఛా ఎన్నికలు. ప్రాణాలకు తెగించి మొదట వీధిలోకి వచ్చిన పౌర సంఘాలు కొన్ని కలిసి పోటీ చేస్తే వచ్చిన ఓట్లు 2.9 శాతం. జనం వాళ్ల వెనక నడిచారు, గోడ పడ్డాక పశ్చిమ జర్మనీ వైపు చూశారు.

#14 సింధియా_నేవీ

ఇక్కడ ఒక్కమాట చెప్పకపోతే నా మనసు ఒప్పుకోదు. 1946 ఫిబ్రవరి 18న ముంబైలో తల్వార్ స్థావరంలో నావికులు సమ్మె చేశారు. పాడు తిండి, తెల్ల అధికారుల బూతులు, ఆజాద్ హింద్ ఫౌజ్ వాళ్ల మీద విచారణలు, అన్నీ కలిసి రగిలాయి. కరాచీ, మద్రాసు, కలకత్తాలతోపాటు మన విశాఖకు కూడా పాకింది. మొత్తం 78 ఓడలు, 20 వేలమంది నావికులు. ముంబై జనం హర్తాళ్ చేసి వాళ్ల కోసం ప్రాణాలిచ్చారు, రెండు వందల మందికి పైగా. ఆయుధం ఉంది, జనం ఉన్నారు. కాంగ్రెస్ గానీ ముస్లిం లీగ్ గానీ ముందుకు రాలేదు, పటేల్ గారు లొంగిపొమ్మని సలహా ఇచ్చారు. 23న ముగిసింది. చాలామంది కుర్రాళ్ల ఉద్యోగాలు పోయాయి. అధికారం చేతిలోకి తీసుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేనప్పుడు జనం, తుపాకీ రెండూ ఉన్నా ఐదు రోజులే. స్వాతంత్ర్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ కుర్రాళ్లను మరిచిపోతే నాకు చాలా బాధ.

#15 వాల్తేరు_మాస్టారు

నేవీ గారి మాటకు నా నమస్కారం. ఇటీవలి ఉదాహరణ ఒకటి దీని పక్కన పెట్టి చూడండి.

శ్రీలంకలో గోటాబయ రాజపక్స 2019లో 52 శాతం ఓట్లతో గెలిచారు, అంటే ఆయనదే మెజారిటీ. 2022 నాటికి గ్యాసు లేదు, పెట్రోలు లేదు, మందులు లేవు. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి నడిచి వెళ్లారు, 14న ఆయన రాజీనామా చేశారు. తర్వాత ఎవరొచ్చారు? పార్లమెంటు ఎన్నుకున్న రణిల్ విక్రమసింఘే. వీధిలోని జనం ఆయన్ను కోరలేదు. కానీ వాళ్ల దగ్గర వేరే పేరు, వేరే పార్టీ సిద్ధంగా లేవు. 2020 పార్లమెంటు ఎన్నికల్లో 3 సీట్లే గెలిచిన అనుర కుమార కూటమి ఆ రెండేళ్లు ఊరూరా కమిటీలు వేసుకుంది. 2024 సెప్టెంబరులో ఆయన మొదటి లెక్కింపులో 42 శాతంతో ముందు నిలిచి అధ్యక్షుడయ్యారు, నవంబరులో 225లో 159 సీట్లు. పడగొట్టినప్పుడు లేని మెజారిటీని తర్వాత పోగుచేసుకున్నారు.

ఈజిప్టులో దీనికి తలకిందులు. 2011 ఫిబ్రవరి 11న అధ్యక్షుడు ముబారక్ దిగాడు. కైరోలో తహ్రీర్ కూడలిలో కూర్చున్న కుర్రాళ్లకు పార్టీ లేదు, ముస్లిం బ్రదర్‌హుడ్‌కు దశాబ్దాల నిర్మాణం ఉంది. బ్రదర్‌హుడ్ మనిషి మోర్సీ అధ్యక్ష ఎన్నికల్లో 51.7 శాతంతో గెలిచాడు. ఏడాది తిరగగానే 2013 జులై 3న సైన్యం అతన్ని దించేసింది. లెక్క ప్రకారం అతనికి మెజారిటీ ఉంది. తనకు ఓటు వెయ్యని సగాన్ని కలుపుకోలేదు, బందూకు ఎప్పుడూ అతని చేతికి రాలేదు.

#16 ద్వారకానగర్_శ్రీను

అందరి పోస్టులూ ప్రింటు తీసి మా బ్యాచ్‌లో ఇస్తాను. ఇప్పుడు నేను గట్టిగా పట్టుకునేది ఇది. పాత ప్రభుత్వం పడటానికి సగం మంది వీధిలోకి రానక్కర్లేదు, సగం మంది దాన్ని కాపాడటానికి రాకపోతే చాలు. కానీ కొత్తది నిలబడేటప్పుడు మెజారిటీ లేకపోతే క్రోన్‌స్టాట్ వస్తుంది, ఫ్రాన్సులో 1793లో వాందే రైతుల తిరుగుబాటు వస్తుంది, వాటిని అణచడంలో వేలమంది చస్తారు. నాకు విప్లవం గెలిచిందా అన్నదానికంటే ఆ చచ్చేవాళ్ల సంఖ్యే ముఖ్యం. కొద్దిమంది తెచ్చే మార్పును అందుకే ఒప్పుకోలేకపోతున్నాను.

#17 మన్యం_కుర్రాడు

ఇన్ని రోజులు చదువుతూ ఊరుకున్నాను. శ్రీను అన్న చెప్పిన ఆఖరి మాట చూశాక రాయాలనిపించింది. నాది పాడేరు దగ్గర, ఇప్పుడు మద్దిలపాలెంలో హాస్టల్లో ఉంటున్నాను.

మెజారిటీ అంటారు, సరే. ఈ రాష్ట్రంలో గిరిజనులం 2011 లెక్కల ప్రకారం నూటికి ఐదున్నర. మాకెప్పుడూ మెజారిటీ రాదు. అయితే మేం ఏదీ అడగకూడదా?

అల్లూరి సీతారామరాజును తీసుకోండి. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు కొట్టుకోనివ్వలేదు, కట్టెపుల్ల తెచ్చుకున్నా కేసు. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించి కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు పట్టుకుని 26 తుపాకులు, 2,500 తూటాలు తీసుకున్నారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మన్యంలో ఏ ఊరు వెళ్లినా ఆయనకు అన్నం, దారి, కబురు దొరికేవి. మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపినా దాదాపు రెండేళ్లు పట్టింది. కొండ మీద మాకు మెజారిటీ ఉంది. కొండ దిగితే లేదు. సాయుధ పోరాటం కాబట్టి కాంగ్రెస్ దూరంగా ఉంది. 1924 మే 7న ఆయన్ను కొయ్యూరు దగ్గర చంపేశారు. కింద కూడా ఎవరైనా కదిలి ఉంటే ఏమయ్యేదో అని మా ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు.

శ్రీకాకుళం గిరిజన పోరాటం కూడా అంతే. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు చంపారు. అప్పటిదాకా గిరిజన సంఘం కూలి పెంపు, భూమి కోసం వేలమందితో పనిచేసింది. తర్వాత సాయుధ దళాలయ్యాయి, జనం చూసేవాళ్లయ్యారు. 1970 జులైలో నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. పోరాటం ఓడిపోయింది అంటారు. కానీ ఆ ఏడాదే 1/70 చట్టం వచ్చింది. మా భూమి గిరిజనేతరులు కొనకూడదని గట్టిగా చెప్పింది ఆ చట్టమే. మా ఇల్లు ఇంకా మా చేతిలోనే ఉందంటే దానివల్ల. గెలుపు అంటే ప్రభుత్వం మారడమే అనుకుంటే మేం ప్రతిసారీ ఓడిపోయాం.

#18 గాజువాక_రమణమూర్తి

బాబూ, నువ్వు రాసింది ఇక్కడ అందరికంటే ముఖ్యమైనది. ఒక్కటి అడుగుతాను. 1/70 ఉంది, అమలు? మైదానంలో మద్దతు లేకుండా ఆ చట్టం నిలిచేదా?

#19 మన్యం_కుర్రాడు

అమలు కోసం ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాం రమణమూర్తి గారూ, దాచడానికేముంది. మైదానం సంగతి కూడా చెబుతాను. అనంతగిరి మండలంలో గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెళ్లింది. 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులివ్వడం చెల్లదని తీర్పిచ్చింది. 2015 నవంబరులో చింతపల్లి వైపు బాక్సైట్ తవ్వకానికి జీవో 97 వచ్చినప్పుడు మా ఊళ్లన్నీ లేచాయి, ఇక్కడి యూనివర్సిటీ విద్యార్థులు, లాయర్లు, అన్ని ప్రతిపక్షాలు మాతో నిలబడ్డాయి. 2019లో ఆ జీవో రద్దయింది.

మేం ఐదున్నర శాతమే. కొండ మాదే, దారులు మాకే తెలుసు, మా ఒప్పుకోలు లేకుండా తవ్వడం కష్టం. దానికి కింద ఉన్నవాళ్లలో కొందరు తోడయ్యారు. మిగతావాళ్లు మాకు వ్యతిరేకంగా రాలేదు. శ్రీను అన్నా, మీరన్న మెజారిటీ మా వైపు ఎప్పుడూ లేదు. అయినా తవ్వకం ఆగింది. మీ బ్యాచ్‌లో ప్రింటు ఇచ్చేటప్పుడు ఈ పోస్ట్ కూడా కలపండి. వచ్చే ఆదివారం నేను గ్రంథాలయానికి వస్తాను, అక్కడ మాట్లాడుకుందాం.